అంచు విప్పిన తువ్వాళ్ళు

మా దండెం మీద ఆరే తువ్వాళ్ళలో ఎనిమిదింటికి అంచులు ఉండవు. చిరిగిపోయినవి కావు, నేను కూర్చుని కుట్టు విప్పినవి. కొత్తవాళ్ళు చూసి, పాపం ఈ ఇంట్లో పాత గుడ్డలే గతి అనుకుంటారు. మొన్న ఎదురింట్లో అద్దెకు దిగిన అమ్మాయి, "ఆంటీ, మా దగ్గర వాడని తువ్వాళ్ళు రెండున్నాయి, ఇమ్మంటారా?" అని అడిగింది. "ఇవి మాకు కాదమ్మా, కారుకి" అన్నాను. ఆ పిల్ల నా వంక ఒకసారి, కారు వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆ అంచులు విప్పాలని చెప్పిన మనిషి పోయి నేటికి నలభై మూడు రోజులు.

ఆమె పేరు రాయను. కాశీబుగ్గ దాటాక హైవే పక్కన కార్లు కడిగే షెడ్డు ఒకటుంది. అక్కడ అందరూ ఆమెను పిన్ని అనేవారు. షెడ్డు యజమాని అనేవాడు, లారీ డ్రైవర్లు అనేవారు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అనేవారు. నా డైరీలో మాత్రం మొదటి రెండేళ్ళూ 'తుడుపు ఆమె' అని ఉంటుంది. ఆ తరవాత 'పిన్ని' అని ఉంటుంది. ఎక్కడ మారిందో నాకు తెలుసు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నేను టెక్కలి హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. అరవై అయిదో ఏట డ్రైవింగు నేర్చుకున్నాను. అరవై ఆరో ఏట ముదురు నీలం రంగు చిన్న కారు కొన్నాను. "ఆ రంగొద్దు, దుమ్ము కనిపిస్తాది" అన్నారు మా ఆయన. కనిపించాలనే కొన్నాను. కనిపించనంత మాత్రాన దుమ్ము లేకుండా పోదు కదా.

కొన్న పదకొండో రోజున ఆ షెడ్డుకు తీసుకెళ్ళాను. ఇద్దరు మనుషులు నురుగు పట్టించి కడిగారు. ఆమె దూరంగా రేకుల నీడలో నిలబడి ఉంది. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ చొక్కా, భుజం మీద తువ్వాళ్ళు. నేను ఇంటినుంచి తెచ్చిన తువ్వాలు అందించాను. కొత్తది, మందపాటిది. ఆమె దాన్ని వేళ్ళతో తడమలేదు. చెయ్యి తిప్పి, మణికట్టు లోపలి వైపుతో అంచు పొడవునా రాసి చూసింది. వెనక్కి ఇచ్చేసింది.

"ఇది మనుసులకి, టీచరమ్మా. దీనికి పనికిరాదు."

"కొత్తది. మెత్తగా ఉంది. ఏమైంది దీనికి?"

"మెత్తదనం మజ్జిలోనే. అంచు సూడండి, కుట్టు ఎంత గట్టిగున్నాదో. ఈ కంపెనీ పేరు సీటీ సూడండి, గోరులాగ గీకుతాది. మన ఒల్లు గీసుకుంటే మల్లీ సర్మం వొత్తాది. దీనికి రాదు కదా."

"సరే. నేను టీచర్నని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవులూ సెప్పనేదు. తువ్వాలు నాలుగు మడతలూ కొలిసినట్టు ఎట్టుకొచ్చినారు."

పక్కన నురుగు చేతులతో నిలబడ్డ ఇద్దరూ నవ్వారు. నాకు కోపం రావలసింది, రాలేదు.

ఆమె పని చూడాలని ఆ రోజు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కడగడం అయిపోయాక ఆ ఇద్దరినీ పక్కకు పొమ్మనేది. గొట్టానికి ముందున్న ఇత్తడి మూతి తీసేసి, నీటి వేగం తగ్గించి, కారు పైకప్పు మీద నెమ్మదిగా పారించేది. నీళ్ళు చినుకుల్లా చెదరకుండా ఒక దుప్పటిలా జారేవి. జారుతూ జారుతూ వెనకున్న బొట్లను కూడా కూడగట్టుకుని పోయేవి. "నీల్లే నీల్లని లాక్కుపోతాయి. మిగిలినదే మన పని" అనేది. నిజంగానే సగం కారు అలా ఆరిపోయేది.

ఆ తరవాత తువ్వాలు. రెండు మూలలు పట్టుకుని బానెట్ మీద పరిచేది. చేతులు పైకెత్తేసేది. రుద్దడం అనే మాటే లేదు. "తాగనియ్యాల" అనేది. తువ్వాలు నీళ్ళు తాగే దాకా ఊరుకుని, మూలలు పట్టి మెల్లిగా తన వైపు లాక్కునేది. ముందు పైకప్పు, తరవాత అద్దాలు, బానెట్, తలుపుల పై సగం. కింది సగానికి వేరే తువ్వాలు, చక్రాలకు ఇంకొకటి. అవి ఎప్పుడూ కలవకుండా పైవాటికి ఎర్రదారం, కిందివాటికి నల్లదారం ముడి వేసేది. చేతిలోంచి ఏ గుడ్డ నేల మీద జారినా ఇక అది జన్మలో కారు ముట్టదు. చక్రాల బకెట్లోకి పోతుంది. ఇక్కడిది ఇసక నేల, సముద్రపు గాలి. ఒక్క ఇసక రేణువు చాలు.

తువ్వాలు కొత్తదైతే మూడు ఉతుకులు పడాలి. సువాసన కోసం పోసే ద్రవాలు పొయ్యకూడదు, అవి పోస్తే గుడ్డ నీళ్ళు తాగదు. గంజి అసలే వద్దు. అంచు కుట్టు విప్పెయ్యాలి. పోగులు ఊడితే ఊడనీ, పోగు గీకదు.

చివర్లో ఒక వింత ఉండేది. అంతా అయ్యాక, "అలగ పెట్రోలు బంకు దాకా ఓ సుట్టు తిప్పుకుని రండి, బ్రేకు గట్టిగా ఏసుకోండి" అని పంపించేది. వెనక్కి వచ్చేసరికి పక్క అద్దాల కిందా, తలుపుల పిడుల కిందా దాక్కున్న నీళ్ళు బయటికి కారి ఉండేవి. వాటిని అద్ది, అప్పుడు వదిలేది. తొందరలో ఉన్నవాళ్ళు తిట్టుకునేవారు. ఒక కాంట్రాక్టరు, "పిన్నీ, పెళ్ళికి ఎల్లాలి, నీ సుట్లు నానెక్కడ తిరిగేది?" అని అరిచాడు. "పెల్లికే కదా బావూ, పెల్లికూతురు కాటుక్కారినట్టు ఎల్తావేటి?" అంది. తిరిగి వచ్చాడు.

మణికట్టు సంగతి మూడోసారి వెళ్ళినప్పుడు అడిగాను. వేళ్ళు చూపించింది. పదిహేడేళ్ళు పలాస జీడి కార్ఖానాల్లో చేసింది. మొదట పిక్క కొట్టే పని, తరవాత పప్పు మీది పొట్టు వలిచే పని. జీడి సొనకు కాలి కాలి వేలికొసలు నున్నగా, గాజులా అయిపోయాయి. "ఇయ్యి సచ్చిపోనాయి. మనికట్టుకి మాత్రం ఇంకా తెలివుంది" అంది. ఆ చేతివాటం వచ్చింది కూడా అక్కడినుంచే. పప్పు విరగకుండా పొట్టు తియ్యాలంటే నొక్కకూడదు. నొక్కితే గుండు పప్పు రెండు బద్దలైపోతుంది.

సొంత ఊరు కవిటి దగ్గర, కొబ్బరితోటల మధ్య. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే అది, ఆ మాట అన్నాక ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. అందుకే కాబోలు ఆమెకు నీళ్ళంటే అనుమానం ఎక్కువ. షెడ్డులో బోరు నీళ్ళ డ్రమ్ము ఒకటి, ట్యాంకరు నీళ్ళ డ్రమ్ము ఒకటి. ఆఖరి పారింపుకు బోరు నీళ్ళు వాడనిచ్చేది కాదు. ఒక బొట్టు అద్దం మీద వేసి, ఆరనిచ్చి, యజమానికి చూపించేది. తెల్లటి మచ్చ. "నీరు పోద్ది గానీ దానిలోనిది పోదు. కారుకే ఇలగ కట్టింది, మన లోపలెలా కట్టుంటాదో" అనేది. గొంతులో ఏ మార్పూ లేకుండా అనేది.

ఆమెతో వాదన కూడా పెట్టుకున్నాను. ఒక కారుకు ఆమె ఎన్ని అడుగులు వేస్తోందో లెక్కగట్టి, ఎడమవైపు మొత్తం పూర్తిచేసి కుడివైపుకు వస్తే నలభై అడుగులు తగ్గుతాయని కాగితం మీద గీసి చూపించాను. శ్రద్ధగా చూసింది.

"లెక్క కరెట్టే, టీచరమ్మా. గానీ నీల్లకి మీ లెక్క తెల్దు కదా. అయ్యి పైనించి కిందికే వొత్తాయి, ఎడంనించి కుడికి రావు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ముప్ఫై రెండేళ్ళలో పిల్లలెవరూ నన్ను అలా ఓడించలేదు.

ఇక రాయవలసినది రాస్తాను.

మాకు తెలిసిన రెండో ఏడాది, దసరాకు ఆరు రోజుల ముందు మా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాం. విజయదశమి రోజున మా మరిదిని ఆయన దగ్గర ఉంచి, నేను ఒక్కదాన్నే పలాస వచ్చి ఇంట్లో దీపం పెట్టాను. కారుకు పూజ చేశాను. ఆ కారులోనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను, ఆ కారులోనే ఇంటికి తెచ్చుకోవాలి. పసుపు రాసి, కుంకుమ తడిపి, అక్షతలు అద్ది బానెట్ మీద మూడు బొట్లు పెట్టాను. ఎలా పడితే అలా పెట్టలేదు. టేపుతో కొలిచి, మధ్యలో ఒకటి, దానికి అటూ ఇటూ పద్నాలుగు అంగుళాల దూరంలో ఒక్కొక్కటి పెట్టి, డైరీలో రాసుకున్నాను కూడా.

మర్నాడు తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. ఉదయమే ఆపరేషను, సంతకానికి రమ్మన్నారు. బయలుదేరబోతూ చూస్తే మంచుకు కుంకుమ కరిగి అద్దం వైపు జారుతోంది. చేతికందిన తువ్వాలుతో మూడు చోట్లా గబగబా తుడిచేసి వెళ్ళిపోయాను.

ఆపరేషను బాగా జరిగింది. ఎనిమిదో రోజున నేను బట్టల కోసం ఇంటికి వచ్చి, దారిలో షెడ్డు దగ్గర ఆగి, ఆయన సంగతి యజమానికి చెప్పి కారు కడిగించాను. ఆమె ఆరబెట్టడం అయిపోయింది. వాలు ఎండలో బానెట్ చూశాను. సన్నటి గీతలు, గుండ్రంగా, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

ఎనిమిది రోజులుగా ఎవరి మీదా అరవలేదు నేను. డాక్టర్ల మీద అరవలేను, దేవుడి మీద అరవలేను. ఆమె మీద అరిచాను.

"రుద్దకూడదు, రుద్దకూడదు అని ఊరందరికీ చెప్తావు. ఇదేమిటి? నీ తువ్వాల్లో ఇసక ఉంది. చూసుకోలేదు నువ్వు."

యజమాని పరుగెత్తుకొచ్చాడు. మరో ఇద్దరు కార్లవాళ్ళు లేచి చూశారు. ఆమె వంగి, మణికట్టు ఆ గీతల మీద ఆనించింది. ఒక చోట, రెండో చోట, మూడో చోట. లేచి నా ముఖం చూసింది. నా కళ్ళు కాదు, నుదురు.

"బాబుగోరికి ఎలాగున్నాది, టీచరమ్మా?" అని అడిగింది.

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం? నేను గీతల గురించి అడుగుతున్నాను."

యజమాని నా ముఖం చూసి, ఆ కార్లవాళ్ళ ముఖాలు చూసి, "పిన్నీ, రేపటినించి రావొద్దులే" అన్నాడు. ఆమె తువ్వాళ్ళన్నీ మడిచింది. ఎర్రదారంవి వేరుగా, నల్లదారంవి వేరుగా బల్ల మీద పెట్టి, చొక్కా విప్పి దులిపి వేసుకుని, ఆటో కోసం రోడ్డు దాటింది. నేను టైము చూసుకుని డైరీలో రాసుకున్నాను. తుడుపు ఆమె నిర్లక్ష్యం, బానెట్‌పై గీతలు, మూడు చోట్ల.

మూడు చోట్ల అని నా చేత్తో నేనే రాశాను.

ఆయన ఇంటికి వచ్చారు. కార్తీకం సగం గడిచింది. నెలకోసారి డైరీ వెనక్కి తిరగేసి, మిగిలిపోయిన పనులు చూసుకోవడం నా అలవాటు. విజయదశమి పేజీ వచ్చింది. మధ్య బొట్టుకు అటూ ఇటూ పద్నాలుగేసి అంగుళాలు. దాని తరవాతి పేజీ, బొట్లు తుడిచి 6.10కి బయలుదేరాను. ఆ రెండు వాక్యాలూ చదివి లేచి, టేపు తీసుకుని బయటికి వెళ్ళాను. గీతల గుత్తుల మధ్య కొలిచాను. పద్నాలుగు. రెండో వైపు కొలిచాను. పద్నాలుగు.

ఎండిన పసుపు, అక్షతల బియ్యం, షెడ్డుకు వెళ్ళడానికి ఎనిమిది రోజుల ముందు నా చేతిలోని తువ్వాలు. దానికి అంచు కూడా ఉంది.

"ఏటయింది?" అన్నారు ఆయన కిటికీలోంచి.

"తప్పు లెక్క చేశాను" అన్నాను.

మర్నాడు కవిటి వెళ్ళాను. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. ఆమె అరుగు మీద కూర్చుని జీడిపప్పు వలుస్తోంది. ఆ పనిలోకి మళ్ళీ వెళ్ళిపోయిందన్నమాట. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని, పక్కనే నేనూ కూర్చుని, డైరీ తీసి ఆ రెండు పేజీలూ చదివాను. క్లాసులో పిల్లవాడు అప్పజెప్పినట్టు చదివాను.

విని, "మీరు రాసుకుంటారని నాకు తెల్దు" అంది.

"నీకు ఆ రోజే తెలిసింది కదా. మణికట్టు పెట్టగానే తెలిసింది. ఎందుకు చెప్పలేదు? నాలుగు మాటల్లో తేలిపోయేది. ఉద్యోగం పోయింది నీకు."

ఆమె చేతిలోని పప్పు మీద పొట్టు తీసింది. చేట్లో వేసింది.

"ఏటని సెప్పీది, టీచరమ్మా? బాబుగోరు ఆసుపత్రిలో ఉన్నారు. మీరు ఆయన కోసం కుంకం ఎట్టినారు. దాన్ని మీ సేత్తో మీరే..." అక్కడ ఆగింది. ఎడమ చెయ్యి తన ఒట్టి నుదుటి దాకా వెళ్ళి దిగింది. "నాలాటిదాని నోటంట ఆ మాట రావొచ్చా? అంతమందిలోన? పని పోతే పోనాది. పప్పు ఒలుసుకుంతన్నాను."

ఇప్పుడు కూడా ఆ మాట పూర్తి చెయ్యలేదు ఆమె.

అలాంటి పట్టింపులు తప్పని ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని నేను. కానీ నా కోసం పాటించిన పట్టింపును నా నోటితో తప్పు అనలేకపోయాను. చేట దగ్గరికి లాక్కుని, నేనూ ఒక పప్పు తీసుకున్నాను. రెండు ముక్కలైంది.

"నొక్కేసినారు" అంది. నవ్వింది.

అక్కడినుంచి నేరుగా షెడ్డుకు వచ్చాను. కార్లు మూడున్నాయి. ముగ్గురూ వినేలా యజమానికి చెప్పాను, గీతలు నావి, తప్పు నాది అని. అతను తల గోక్కున్నాడు.

"మీరు రాకపోయినా నానే ఎల్దునండి మేడం. పిన్ని పోయినకాడ్నించి కార్లన్నీ బూడిద జల్లినట్టు మచ్చలడిపోతన్నాయి. రోజూ తిట్లే."

"ఆమె తువ్వాళ్ళు ఏవి?"

అతను అటూ ఇటూ చూశాడు. ఎర్రదారం తువ్వాలుతో ఎవరో మోటారుసైకిలు గొలుసు తుడుస్తున్నారు.

కొత్తవి ఎనిమిది కొన్నాను. నాలుగు రోజులు వరండాలో కూర్చుని బ్లేడుతో, సూదితో అంచులు విప్పాను. మా ఆయన పక్కన కూర్చుని ఊడిన దారాలు ఉండచుట్టారు. మూడు ఉతుకులు వేశాను, నీడలో ఆరబెట్టాను. అయిదో రోజున, షెడ్డుకు తిరిగొచ్చిన ఆమె చేతిలో పెట్టాను. ఒక్కొక్కదాన్నీ మణికట్టుతో రాసి చూసింది. ఏడు పక్కన పెట్టి, ఎనిమిదోదాని మూల చూపించింది. రెండు కుట్లు మిగిలిపోయాయి. అక్కడే కూర్చోబెట్టి విప్పించింది. ఆ రోజు డైరీలో మొదటిసారి 'పిన్ని' అని రాశాను.

గీతలు పాలిష్ పెట్టిస్తే కొంత పోతాయన్నారు. పెట్టించలేదు.

ఆ తరవాత ఆరు దసరాలు. ప్రతి విజయదశమి మర్నాడూ మొదటి షేర్ ఆటోలో పిన్ని మా ఇంటికి వచ్చేది. నన్ను బానెట్ దగ్గరికి రానిచ్చేది కాదు. కుంకుమను తనూ ముట్టేది కాదు. గొట్టం పైన ఆనించి, వేగం తగ్గించి నీళ్ళు పారించేది. మొదట పసుపు నీళ్ళు, తరవాత ఎర్రనీళ్ళు, అక్షతలు ఒకటొకటిగా జారిపోయేవి. బొట్లు ఎవరూ తుడవకుండానే వెళ్ళిపోయేవి. "సూసినారా? ఎవుల సెయ్యీ పడనేదు" అనేది. అప్పుడు తువ్వాలు పరిచేది. మా ఆయన అరుగు మీదనుంచి, "పిన్నీ, నా ఆయుస్సంతా నీ గొట్టంలోనే ఉందేటి?" అనేవారు. "ఊరుకోండి బాబూ, అన్నీ మాటలే మీకు" అని కసిరేది. కాఫీ మాత్రం సగం గ్లాసే తాగేది. తనకూ భర్త జబ్బే వచ్చిందని, తాగే నీళ్ళకు కూడా లెక్క ఉందని ఆఖరి ఏడాది గాని మాకు చెప్పలేదు. డాక్టరు రోజుకు ఎంత తాగమన్నారో అంతే. ఒక్క గుక్క ఎక్కువ తాగేది కాదు. కార్ల మీద అన్నేసి డ్రమ్ములు పారించిన మనిషి.

వర్షాకాలం చివర్లో యజమాని ఫోన్ చేశాడు. కవిటి వెళ్ళి ఆఖరి చూపు చూసి వచ్చాను. ఆమె తువ్వాళ్ళు ఎనిమిదీ అతను నాకే ఇచ్చేశాడు. ఎర్రదారాలు, నల్లదారాలు అలాగే ఉన్నాయి.

ఈ ఏడు దసరా మర్నాడు, ఆమె పోయిన ముప్ఫై అయిదో రోజున, గొట్టం నేనే పట్టుకున్నాను. మూతి తీసేసి, వేగం తగ్గించి, బానెట్ పైన ఆనించాను. పసుపు వెళ్ళింది, ఎరుపు వెళ్ళింది, అక్షతలు వెళ్ళాయి. కింద ఆ మూడు గీతల గుత్తులు బయటపడ్డాయి. నీళ్ళు కట్టేశాను. భుజం మీద తువ్వాలు ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్ళలేదు. గేటు వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఏటలాగ నిలబడిపోనావు?" అన్నారు మా ఆయన అరుగు మీదనుంచి. ఆయనకు ఇప్పుడు డెబ్భై తొమ్మిది. "ఎండొచ్చేత్తంది. మచ్చలు కట్టేత్తాయి. పిన్ని ఊరుకుంటాదేటి?"

ఊరుకోదు. చెయ్యి తిప్పి, తువ్వాలు మీద మణికట్టు రాసి చూశాను. రెండు మూలలు పట్టుకుని పరిచాను. చేతులు పైకెత్తేశాను. తడి నెమ్మదిగా మధ్యనుంచి పోగుల దాకా పాకుతోంది.

"అయిందా? లాగవేం?" అన్నారాయన.

"ఉండండి" అన్నాను. "తాగనీండి."